అక్కుపల్లి జాబితాలో ఒక ఎర్రయ్య

2003 జూన్‌లో నన్ను టెక్కలిలోని ఒక ప్రభుత్వ కంప్యూటర్ విభాగానికి ప్రోగ్రామర్‌గా వేశారు. శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. నా పైన ఒక సిస్టమ్స్ అధికారి, ఆయన పైన జిల్లా కార్యాలయం. తీరప్రాంతపు ఊళ్లలో వేటకు వెళ్లే మత్స్యకారుల వివరాలను కంప్యూటర్‌కెక్కించి, ఊరివారీగా జాబితాలు తయారు చేయడం నాకు అప్పగించిన పని.

ఆ పనికి ఒక ప్రోగ్రాము అంతకు ముందే ఉండేది. దానికి ఒక లోపం ఉంది. ఒకే ఊళ్లో ఒకే పేరు రెండుసార్లు వస్తే, పొరపాటున రెండుసార్లు ఎక్కించారనుకుని రెండోదాన్ని తీసేసేది. మా వైపు అన్నదమ్ముల పిల్లలిద్దరికీ ఒకే తాత పేరు పెట్టడం మామూలు. ఇంటిపేరు, పేరు, ఊరు అన్నీ కలుస్తాయి. తండ్రి పేరు ఒక్కటే తేడా. అందుకని తండ్రి పేరు కూడా సరిచూసేలా ఆ భాగాన్ని నేను తిరగరాశాను. ఆ భాగం ప్రోగ్రాములో కాక, లైబ్రరీ అనే వేరే ఫైలులో ఉంటుంది. ప్రోగ్రాము మొదలైనప్పుడు ఆ ఫైలును వెతికి తెచ్చుకుంటుంది.

కొత్తది తయారైతే అయింది గాని, దాన్ని యంత్రంలో ఇన్‌స్టాల్ చేసే అధికారం నాకు లేదు. ఆ పాస్‌వర్డు జిల్లా కార్యాలయంలో ఉండేది. రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. ఈలోగా పని ఆగకూడదు కాబట్టి, ప్రోగ్రామును తయారు చేసిన బిల్డ్ డైరెక్టరీ నుంచే నడిపేవాణ్ణి. అలా నడపడానికి ఒక ఏర్పాటు ఉంటుంది. బిల్డ్ డైరెక్టరీలో ప్రోగ్రాము పేరుతో కనిపించేది నిజానికి ప్రోగ్రాము కాదు. అది రేపర్ స్క్రిప్టు అనే చిన్న తొడుగు. కొత్త లైబ్రరీ ఫలానా చోట ఉందని ముందు చెప్పి, ఆ తరువాత లోపలి డైరెక్టరీలో దాగి ఉన్న అసలు ప్రోగ్రామును నడుపుతుంది. తొడుగు లేకుండా అసలుదాన్ని నేరుగా నడిపితే, అది యంత్రంలో ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన పాత లైబ్రరీనే తెచ్చుకుంటుంది. తప్పు జరిగిందని ఒక్క మాట కూడా చెప్పదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసుండీ ఒకరోజు ఆ పనే చేశాను.

మరుసటి ఏడాది వానాకాలంలో భావనపాడు నుంచి బయల్దేరిన ఒక మరపడవ ఇంజను చెడి, కొట్టుకుపోయి, పొరుగుదేశపు జలాల్లోకి చేరింది. అక్కడి గస్తీ ఓడ వాళ్లను పట్టుకుంది. ఆరుగురూ అక్కుపల్లి వాళ్లు. జైల్లో పెట్టారని కబురొచ్చిన కొన్ని వారాలకి జిల్లా కేంద్రం నుంచి ఫ్యాక్సు వచ్చింది. పట్టుబడినవాళ్లు చెబుతున్న పేర్లను సరిచూడడానికి అక్కుపల్లి జాబితా మొత్తం సాయంత్రంలోగా సంతకంతో పంపాలి.

ఆ రోజు టెక్కలిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. యూపీఎస్ బ్యాటరీ పనిచేసిన కొద్ది నిమిషాల్లో అక్కుపల్లి వివరాలు ఒక ఫ్లాపీలోకి, తొడుగు స్క్రిప్టు, అసలు ప్రోగ్రాము ఇంకో ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. లైబ్రరీ పట్టలేదు. భావనపాడు రేవు దగ్గర మాకు ఒక గది, అందులో ఒక కంప్యూటరు ఉండేవి. అక్కడ లైబ్రరీ ఉందని గుర్తుంది. అది పాతదన్న సంగతి తట్టలేదు. బస్సెక్కి వెళ్లాను. తొడుగు స్క్రిప్టు నడిపితే, అది వెతికే డైరెక్టరీ అక్కడ లేదు కాబట్టి ఆగిపోయింది. అసలు ప్రోగ్రామును నేరుగా నడిపాను. నడిచింది. మూడు పేజీల జాబితా వచ్చింది. పేరుపేరునా చదవలేదు. అడుగున సంతకం పెట్టి, అక్కణ్ణుంచి జిల్లా కేంద్రానికి ఫ్యాక్సు చేయమని పలాస వెళ్లే జీపులో పంపించేశాను. వేళకు పంపానన్న తృప్తి కూడా కలిగింది.

అయిదుగురు తిరిగొచ్చారు.

వాళ్లు వచ్చిన వారానికి ఒక ఆడమనిషి, ఒక నడివయసు మనిషి టెక్కలిలో మా గది వెతుక్కుంటూ వచ్చారు. ఆమె పేరు నీలమ్మ. ఆయన ఎర్రయ్య, తిరిగొచ్చిన అయిదుగురిలో ఒకడు. నీలమ్మ భర్త పేరు కూడా ఎర్రయ్యే. అన్నదమ్ముల పిల్లలు. ఊళ్లో పెద్ద ఎర్రయ్య, చిన్న ఎర్రయ్య అంటారు.

"బాబూ, అయిదుగురొచ్చినారు. మా ఇంటాయన రానేదు. మీరంపిన కాయితంలో పేరు నేదట. ఓటు కార్డుంది, రేసను కార్డుంది. మీ కాయితంలో ఎందుకు నేదు?" అంది నీలమ్మ.

పెద్ద ఎర్రయ్య నా మొహం చూడకుండా చెప్పాడు. "జైల్లో ఎర్రయ్యా అని పిలిసినారు బాబూ. ఇద్దరం లేసినాం. కాయితంలో ఒక్కడే ఉన్నాడన్నారు. తండ్రి పేరు సూసి నన్ను బయటికి తీసినారు. ఆడిది దొంగపేరన్నారు. ఆడు మా సిన్నాన్న కొడుకేనని ఎంత సెప్పినా ఇనుకోనేదు. ఆడ్ని మళ్లీ నోపలికి తోసేసినారు. నానొచ్చేసినాను."

వాళ్లను కూర్చోబెట్టి, జాబితా నకలు తీశాను. ఒక్క ఎర్రయ్యే ఉన్నాడు. బిల్డ్ డైరెక్టరీలో తొడుగు ద్వారా నడిపాను. ఇద్దరు వచ్చారు. నాకు అప్పుడే అర్థమైంది. అయినా మర్నాడు భావనపాడు వెళ్లి, ప్రోగ్రాము ఏ లైబ్రరీని తెచ్చుకుంటోందో చూపే ఆదేశం కొట్టాను. పాతదాని పేరు తెరమీద కనిపించింది. కిటికీ బయట ఆడవాళ్లు ఎండు చేపలు తిరగేస్తున్నారు.

జరిగింది జరిగినట్టు రాసి మా అధికారికి ఇచ్చాను. ఆయన చెడ్డవాడు కాదు. చదివి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. ఇలా రాస్తే నా ఉద్యోగం పోతుందని, తన మీదికీ వస్తుందని, అంతకన్నా ముఖ్యంగా ప్రభుత్వ జాబితాయే తప్పని ఆ దేశం వాళ్లకు రాసిస్తే రేపు ఇంకెవరు పట్టుబడినా వాళ్ల పేర్లను కూడా అనుమానిస్తారని అన్నాడు. చివరికి "సాంకేతిక కారణాల వల్ల ఒక పేరు ముద్రణ కాలేదు" అన్న వాక్యంతో సవరణ పత్రం తయారైంది. దాని కిందా నా సంతకమే.

ఆ వాక్యం పనిచేయలేదు. ముందు లేని పేరు తరువాత ఎలా వచ్చిందని అటునుంచి ప్రశ్న వచ్చింది. గ్రామాధికారి ధ్రువపత్రం అడిగారు. అది వెళ్లాక ఫొటో అడిగారు. ఫొటో వెళ్లాక తాత పేరుతో వంశవృక్షం అడిగారు. ఒక్కో కాగితం ఎన్నో కార్యాలయాలు దాటి వెళ్లి, అన్నీ దాటి రావాలి. నీలమ్మ ప్రతి పదిహేను రోజులకూ వచ్చేది. మొదట్లో ప్రశ్నలు వేసేది. తరువాత గుమ్మంలో నిలబడి నా మొహం చూసి, మాట్లాడకుండానే వెళ్లిపోయేది. ఆమె వచ్చే రోజున నేను వేరే పని పెట్టుకుని బయటికి పోయిన సందర్భాలు రెండున్నాయి.

దాదాపు ఏడాదికి అటునుంచి జవాబు వచ్చింది. ఆ పేరుగల ఖైదీ పచ్చకామెర్లతో ఆసుపత్రిలో మరణించాడని, అక్కడే అంత్యక్రియలు జరిగాయని, కాబట్టి సవరణ విషయం ముగిసినట్టు భావిస్తున్నామని.

కబురు చెప్పడానికి గ్రామాధికారి వెళ్లాడు. మూడో రోజున నేను వెళ్లాను. అధికారికి చెప్పలేదు. నీలమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. పెద్ద ఎర్రయ్య వీధి అవతల నిలబడ్డాడు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి అతను ఆ వాకిట్లో అడుగు పెట్టలేదట. తొడుగు, లైబ్రరీ అన్న మాటలు లేకుండా, తప్పు నాదేనని, కొత్తది నడపవలసిన చోట పాతది నడిపానని చెప్పాను.

"అయితే ఆయన పేరు మీ కంప్యూటర్లో ఉందా?"

"ఉందమ్మా. అచ్చేసేటప్పుడు పోయింది."

"అచ్చయినాక మీరు సదవనేదా?"

"చదవలేదు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఆయనకి ఈ మాట తెలిస్తే బాగుండేది. నాను ఎవులో కాదని అక్కడోళ్లకి సెప్పుకుంటా సచ్చిపోనాడు. ఇక్కడోళ్లే తన పేరు కొట్టేసినారనుకునుంటాడు," అంది. తరువాత లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. వీధి అవతల పెద్ద ఎర్రయ్య అలాగే నిలబడి ఉన్నాడు. నేను అతని ముందు నుంచే బస్సు దగ్గరికి నడిచాను.

ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి ఆ తరువాతి నెలలో వచ్చింది. నా మీద విచారణ ఏదీ జరగలేదు. రెండేళ్లకు పదోన్నతి మీద బదిలీ అయ్యాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ప్రోగ్రాము నడిచిందంటే, మీరు రాసిందే నడిచిందని అర్థం కాదు. అది ఏ లైబ్రరీతో నడుస్తోందో అడిగి చూడండి, అర నిమిషం పడుతుంది. వచ్చిన జాబితాలో ప్రతి పేరూ చదవండి, దానికి అరగంట పడుతుంది. భావనపాడులో ఆ రోజు జీపు బయల్దేరడానికి ఇంకా గంటకు పైగా సమయం ఉంది.