గళ్లు మార్చిన మనిషి

పోయిన శుక్రవారం పొద్దున్న బేకరీ అత్త ఫోన్ చేసి, "మీ మావ ఎల్లిపోనాడమ్మా" అంది. అప్పుడు నేను ఒక పెళ్లికూతురికి జడ అల్లుతున్నాను. ఆ జడ ఎలా పూర్తిచేశానో ఇప్పటికీ గుర్తులేదు.

గజపతినగరంలో మా బ్యూటీ పార్లర్‌కూ ఆయన బేకరీకీ మధ్య ఒకటే గోడ. చుట్టరికం లేదు, వరస కలుపుకుని మావ అనేదాన్ని. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్, దాని నిండా మైదాపిండి. ఆదివారం వచ్చిందంటే బిస్కెట్ల అట్ట వెనక స్కేలుతో గళ్లు గీసి, పదవినోదం తయారుచేసి అద్దాల బీరువాకు అంటించేవాడు. టీకి వచ్చినవాళ్లు తలా ఒక మాట పెన్సిల్‌తో నింపాలి. పెన్ను ముట్టకూడదు, అది ఆయన చట్టం.

హుద్‌హుద్ తుఫానుకు మా పార్లర్ బోర్డు ఎగిరిపోయిన ఏడాది నేను పదో తరగతి రెండోసారి తప్పాను. మళ్లీ రాయమని అమ్మ బతిమాలినా, చచ్చినా రాయనని భీష్మించుకున్నాను. ఒక ఆదివారం మావ పిలిచాడు.

"పిల్లా, ఇది నీకోసమే ఎట్టినాను. సూడు."

అట్ట మీద ఆధారం ఇది: "బేకరీలో తింటారు, పార్లర్లో తలకు చుట్టుకుంటారు. రెండు గళ్లు." నేను రెండో సగమే చూశాను. చేతిలో ఉన్న పెన్నుతో 'కొప్పు' అని రాసేశాను.

"కొప్పు తింటావేటే?" అన్నాడొకాయన. అందరూ ఘొల్లుమన్నారు. బన్ను అని అప్పుడు వెలిగింది, పార్లర్లో కొప్పునూ బన్ననే అంటాం. తల కొట్టేసినట్టయింది.

మావ నవ్వలేదు. అట్ట ఊడదీసి లోపలికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నానికి కొత్త అట్ట అంటించాడు. అందులో నా కొప్పు అలాగే ఉంది, తన చట్టం తనే తప్పి పెన్నుతో రాశాడు. ఆధారం మారింది, చుట్టూ ఉన్న మాటలన్నీ మారాయి.

"నువ్వు రాసింది బాగానే ఉన్నాది. నా గళ్లే కుదరనేదు."

మరుసటి మార్చిలో పరీక్ష రాశాను, పాసయ్యాను. మావ పొగడలేదు. వేడి బన్ను చేతిలో పెట్టి, "తిను, సల్లారిపోతాది" అన్నాడు. ఆయన రుణం నాకు తీరేది కాదు.

నిన్న పలకరించడానికి వెళితే అత్త షట్టర్ సగం ఎత్తి బీరువా చూపించింది. చివరి అట్ట దానికే ఉంది. రెండు గళ్లు తప్ప అన్నీ నిండాయి.

"ఆ రెండూ పార్లరు పిల్లకి ఉంచండని అందరికీ సెప్పినాడమ్మా."

ఆధారం చదివాను. ఆ పాతదే, బేకరీలో తినేది, తలకు చుట్టుకునేది.

జవాబు తెలుసు. అయినా పెన్ను తీసి 'కొప్పు' అనే రాశాను. గళ్లు మార్చడానికి ఆయన వస్తాడేమోనని ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.