అన్న బాగుచేసిన పడవ ఇంజను

మొన్న రాప్తాడు దగ్గర హైవే పక్కన బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవరో ఇల్లు కట్టిస్తున్న చోట కాంక్రీటు కలిపే మిషను పాత డీజిల్ ఇంజనుతో డబడబమని నడుస్తూ వినిపించింది. నా వయసువాళ్లకు వేరే చెప్పాలా, ఒకప్పుడు మన అనంతపురం పల్లెల్లో తెల్లవారిందంటే బావుల మీద ఆ చప్పుడే కదా. బస్సు వచ్చి వెళ్లిపోయినా అక్కడే నిలబడి విన్నాను. ఆ ఇంజనుకు ఏదో జబ్బు ఉందని తెలుస్తోంది గానీ ఏ జబ్బో తెలియడం లేదు. మా అన్నయితే ఈపాటికి చెప్పేసి ఉండేవాడు అనుకోగానే, డెబ్బైకి దగ్గరపడిన ఈ వయసులో కూడా పాత అసూయ చురుక్కుమంది.

మా నాయనకు పామిడిలో ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. పని మీద శ్రద్ధ నాదే ఎక్కువ అని ఇప్పటికీ అంటాను. విప్పిన సామాను కిరసనాయిలులో కడిగి, గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఏది ఎక్కడిదో పుస్తకంలో బొమ్మ వేసుకునేవాణ్ని. అన్న పాట పాడుకుంటూ వచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, జబ్బేదో చెప్పి టీకి వెళ్లిపోయేవాడు. రైతులు షెడ్డులోకి వస్తూనే, నేను ఎదురుగా ఉన్నా సరే, పెద్దోడు యాడ అని అడిగేవారు. నాయన కూడా అంతే. నన్ను తిట్టింది లేదు, మెచ్చుకున్నదీ లేదు.

ఆ రోజుల్లో పెన్న మీది డ్యాముకు కోస్తా నుంచి ఒక ఇంజనీరుగారు బదిలీ మీద వచ్చారు. నీళ్లు లేకుండా బతకలేని మనిషి. సముద్రం ఒడ్డున ఎవరో వదిలేసిన చిన్న తెరచాప పడవను కొని, లారీ మీద మన ఎర్రనేలకు తెప్పించుకున్నారు. తెరచాపను ఎలుకలు కొట్టేస్తే పామిడి దర్జీ దగ్గర కుట్టడానికి ఇచ్చారు. పడవ కడుపులో ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను ఒకటి ఉంది. పది నిమిషాలు నడిచి, నీరసించి ఆగిపోయేది. దాన్ని బాగుచేయమని మా షెడ్డుకు కబురు పంపితే, ఆ వారం అన్న వేరే ఊళ్లో పనిలో ఉండటంతో నాయన నన్ను పంపాడు. జీవితంలో మొదటిసారి ఒక పని నాది అయింది.

మూడు రోజులు ఆ ఇరుకులో నడుము వంచి కూర్చున్నాను. సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పాను, డీజిల్ పంపు విప్పాను, అన్నీ అద్దంలా తుడిచి బిగించాను. పది నిమిషాలకు మళ్లీ ఆగేది. నాలుగో రోజు నాయన అన్నను పంపాడు. అన్న ఇంజను నడిపించి, సిలిండరు మీద అరచెయ్యి పెట్టి చటుక్కున తీసుకున్నాడు.

"నీళ్లు లోపలికి పోతాలేవు రా. ఉప్పు పట్టుకున్యాది."

పక్కమూత విప్పితే నిజమే, ఇంజనును చల్లబరిచే నీటిదారి నిండా సముద్రపు ఉప్పూ తుప్పూ రాయిలా గడ్డకట్టి ఉన్నాయి. పగలంతా ఇద్దరం గోకి తీశాం. ఇంజనీరుగారు అన్న భుజం తట్టి, మర్నాడు సాయంత్రం తన భార్యను ఎక్కించుకుని పడవ తిప్పుదామని, మా నాయనను కూడా రమ్మని అన్నారు. ఆ మూడు రోజుల సంగతి ఎవరికీ గుర్తు లేదు.

డీజిల్ పైపు నట్టు బిగించమని అన్న నాకు చెప్పాడు. పైపులోకి గాలి చొరబడితే ఇంజను ఆగిపోతుందని మా షెడ్డు ఊడ్చే మనిషికి కూడా తెలుసు. నేను సగమే బిగించాను. అందరి ముందూ ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అన్న తలవంచుకోవాలి అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

మర్నాడు ఆషాఢమాసపు గాలి. డ్యాం గేట్లు రెండు ఎత్తి ఉన్నాయన్న సంగతి ఒడ్డున నాయన పక్కన నిలబడ్డాకే చూశాను. ఇంజనీరుగారినీ ఆయన భార్యనూ ఎక్కించుకుని అన్న నడుపుతున్న పడవ నడినీటికి వెళ్లాక చప్పుడు తడబడి ఆగింది. తెరచాప ఇంకా దర్జీ దగ్గరే ఉంది. గాలి పడవను గేట్ల వైపే నెడుతోంది. పడవలో ఇంజనీరుగారి భార్య అంచు గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది. నాకు ఈత రాదు, వచ్చినా ఏం చేయగలను. అన్న వంగి పైపును తడుముతున్నాడు. నట్టు బిగించాడు, గాలి తీశాడు, హ్యాండిలు తిప్పాడు. రెండుసార్లు ఇంజను పట్టుకోలేదు. మూడోసారి పట్టుకుంది.

ఒడ్డుకు వచ్చేసరికి కాగిన సైలెన్సరు తగిలి అన్న మోచెయ్యి తోలు ఊడి ఉంది. ఏమైందని నాయన అడిగాడు.

"నట్టు బిగించడం మరిచిపోయినా నాయనా. నాదే తప్పు."

నాయన అందరి ముందూ అన్న చెంప పగలగొట్టాడు. పెద్దకొడుకు మీద ఆయన చెయ్యెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను కోరుకున్నది అదే. నట్టు వదిలింది నేనని మాత్రం చెప్పలేదు.

ఇంటికి వెళ్లే దారిలో నన్ను వెనక ఎక్కించుకుని సైకిలు తొక్కుతూ అన్న వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నా మీద కోపముంటే నన్ను కొట్టు రా. ఇంజన్ జోలికి పోవద్దు."

ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు. కొన్ని నెలలకే నేను షెడ్డు వదిలి, అనంతపురంలో కరెంటు మోటార్లకు తీగ చుట్టే పని నేర్చుకున్నాను. నా చేతి పనికి మంచిపేరే వచ్చింది. అన్న మీద అసూయ మాత్రం పోలేదు, ఇంకా పెరిగింది. అంతవరకూ పనితనం చూసి అసూయపడ్డవాణ్ని, ఆ రోజు నుంచి మనిషిని చూసి పడ్డాను. నాయన చివరిదాకా ఆ నట్టు అన్నే మరిచాడనుకుని పోయాడు.

ఇప్పుడు బావులు ఎండిపోయి బోర్లు పాతాళానికి దిగాయి. మోటార్లు ఎక్కడో భూమిలో మూగగా తిరుగుతున్నాయి. చెడిపోతే విప్పేవాడు లేడు, కొత్తది దించడమే. షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. పోయినేడు పామిడి వెళ్లినప్పుడు ధైర్యం చేసి ఆ సాయంత్రం సంగతి ఎత్తి, నట్టు నేనే వదిలానని అన్నకు చెప్పాను. అన్న తన మోచేతి మీద మచ్చను కాసేపు చూసుకుని, ఇదేదో చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలిందనుకుంటాండా రా అన్నాడు. నిజంగానే మరిచిపోయాడో, నా కోసం మరిచాడో అడగలేకపోయాను. ఆ పడవా, ఆ గాలీ, నాయన చెయ్యీ ఇక నా ఒక్కడి దగ్గరే మిగిలాయి. అంత తేలిగ్గా మరిచిపోగలిగినందుకు కూడా మా అన్నను చూస్తే నాకు అసూయే.