సోడా పెట్టెలో నాలుగు రక్తం సీసాలు

మా ముత్తాత చినరంగపతిరాజుగారు బొబ్బిలికి తూర్పున పన్నెండు ఊళ్లకు అధిపతి. ఆయన కుమారులు, మా తాతగారు రఘునాథరాజుగారు, వేసవి తిరునాళ్లకు వచ్చిన ప్రతివారికీ చల్లని గోలీసోడా వెండి గ్లాసులో పోయించి ఇప్పించేవారు. తాగేవాడు పాలేరా, కరణమా అని చూసేవారు కారు. మా దివాణం గడప తొక్కినవాడు దాహంతో తిరిగి వెళ్లలేదని మా నాన్నగారు చెబుతూ ఉండేవారు.

నేను విజయనగరంలో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో డాక్టరుని. శ్రీకాకుళంలో పనిచేసే డాక్టర్ కామేశం నాకు వైద్య కళాశాలనాటి సహాధ్యాయి. వాళ్ల నాన్నగారు మా దివాణానికి సరుకులు పోసిన షావుకారు. మేమిద్దరం కలిసి ఒక పరిశోధన చేస్తున్నాం. విజయనగరంలో తీసిన రక్తం, అందరూ ఎక్కే రైల్లోనూ బస్సులోనూ శ్రీకాకుళం చేరి, కాన్పులో రక్తం పోయిన మనిషికి ఎక్కించడానికి పనికొస్తుందా అన్నదే మా ప్రశ్న. రక్తం తీసి, గ్రూపు చూసి, సీసాల్లో పట్టి పంపడం నా వంతు. చేరినదాన్ని పరీక్షించడం అతని వంతు.

మొదట తగరం డబ్బాలో ఊక పోసి పంపాం. ఐసు తగిలి రక్తకణాలు పగిలిపోయాయి. రెండోసారి డబ్బా తీసుకెళ్లిన మనిషి, లోపల ఉన్నది రక్తమని బస్సులో నోరు జారాడు. నాగావళి మీద ఎక్కడ వంతెన పని మొదలైనా దానికి మనుషుల రక్తం పోస్తారని ఈ ప్రాంతంలో ఒక భయం ఉంది. అతన్ని దారిలోనే దించేశారు.

"ఈసారి కూడా పాడైతే మా పెద్ద డాక్టరు ఇంక ఒప్పుకోడు. మానేయడమే," అన్నాడు కామేశం. "మీ దివాణంలో సోడాల పెట్టె ఉండేది కదా. ఉందా, అదీ అమ్మేశారా?" అని అడిగాడు.

ఆ అడగడం నాకు నచ్చలేదు. ఉందన్నాను. నేనే తీసుకొస్తానన్నాను.

అది టేకు పెట్టె. లోపల జింకు రేకు, మూత మీద మా వంశ చిహ్నం చెక్కిన ఇత్తడి బిళ్ల. ఐసు తగిలి సోడాకాయలు పగలకుండా తాతగారు మధ్యలో చెక్కపలకల అడ్డు వేయించారు. రక్తానికి కావలసిందీ అదే. చల్లదనం తగలాలి, ఐసు తగలకూడదు.

మే నెలలో ఒక ఉదయం నాలుగు రక్తం సీసాలు, ఐసు పెట్టెలో సర్దుకుని ఆరు గంటల ప్యాసింజరులో మూడో తరగతి ఎక్కాను. ఈ దారిన వెళ్లేవారు ఎడమవైపు కిటికీ చూసుకోవడం మంచిది, ఎండ తక్కువ. చీపురుపల్లిలో ఇడ్లీ తిన్నాను, వేడిగా బాగుంది. పొందూరులో నూలు చిలపలతో ఆడవాళ్లు ఎక్కారు. తొమ్మిది దాటాక ఆమదాలవలసలో దిగి, పెట్టె కూలీచేత మోయించుకుని బస్సు దగ్గరికి వెళ్లాను.

కండక్టరు పెట్టె కింద కారుతున్న నీళ్లు చూశాడు.

"సేపల పెట్టి లోనకి వొద్దు. టాపు మీదెక్కించండి."

"చేపలు కావు."

"మరేటి?"

రక్తమని చెప్పలేను. టాపు మీద ఆ ఎండలో, ఆ కుదుపుల్లో సీసాలు నిలవవు. కూలీ అప్పటికే నిచ్చెన మీద కాలు పెట్టాడు. ముందు సీట్లోని ముసలాయన ఒకాయన కిటికీలోంచి వంగి ఇత్తడి బిళ్లను వేలితో తడిమాడు.

"ఒరే కండట్రూ, సేపలేటిరా? ఇది రాజుగారి దివాణంలో సోడాల పెట్టి. సిన్నప్పుడు నానూ మా అయ్యా టేసను కాడ ఐసు దింపి దీన్లోకి మోసీవోళ్లం. లోనెట్టు."

పెట్టె లోపలికి వచ్చింది. ముసలాయన జరిగి తన పక్కనే చోటిచ్చాడు. పేరు సింహాచలం. నేను మనవడినని తెలిసి తాతగారి గుర్రాల పేర్లు వరసగా చెప్పాడు. నాకు వాటిలో రెండే తెలుసు. అంతసేపు మా ఇంటి గురించి ఒకరు మాట్లాడగా విని చాలా ఏళ్లయింది.

బస్సు కదిలింది. ఎండ ముదిరింది.

"బాబూ, ఒక్క సోడా ఇప్పించండి. మీ తాతగారి సేతి సోడా తాగి నలభై ఏళ్లయిపోనాది."

బస్సంతా నావైపు తిరిగింది. నిజం చెబితే పెట్టె రోడ్డు మీద ఉంటుంది.

"ఇవ్వడానికి వీల్లేదు," అన్నాను.

సింహాచలం తల దించుకున్నాడు. వెనక సీటావిడ పక్కావిడతో, "సూసినావేటే? దివాణం పోనా గీర పోనేదు," అంది. నవ్వులు వినబడ్డాయి. నేను నిటారుగా కూర్చుని ఎదురుగా చూస్తూ ఉండిపోయాను.

గతుకుల దగ్గర బస్సు ఎగిరినప్పుడు చూస్తే, పెట్టెకు అటువైపు సింహాచలం రెండు చేతులూ అడ్డంగా పట్టి ఉన్నాయి. తన ఊరు వచ్చేదాకా తీయలేదు. దిగేటప్పుడు మాత్రం, "పెట్టి జాగర్త బాబూ. అలాటిది మరి రాదు," అన్నాడు. గుంపులో ఆయన చెవిన ఒక మాట వేయడానికి వీలు చిక్కలేదు.

శ్రీకాకుళంలో బస్సు దగ్గరికే వచ్చిన కామేశం పెట్టెను ఆసుపత్రికి పట్టించి, సీసాలను ఫ్రిజ్‌లో నిలబెట్టాడు. రక్తకణాలు అడుక్కి దిగి పైన తేట నిలిస్తే గాని ఏమీ తెలియదు. ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాను. వంకాయ కూర, ఆవపెట్టిన పనసపొట్టు పెట్టారు. వాళ్ల నాన్నగారు నేను కూర్చునేదాకా నిలబడే ఉన్నారు.

తెల్లవారాక ఇద్దరం వెళ్లి చూశాం. నాలుగు సీసాల్లోనూ అడుగున ఎర్రన, పైన గడ్డిరంగు తేట. కణాలు పగిలితే తేటలో కనబడే ఎరుపు జీర లేదు. కామేశం మిగిలిన పరీక్షలు కూడా చేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ తాతగారు సోడా కోసం చేయించారు. మనకి పనికొచ్చింది," అన్నాడు. "వచ్చే నెల ఎనిమిది సీసాలు తేగలవా?"

తెస్తానన్నాను.

మధ్యాహ్నం ఖాళీ పెట్టెతో తిరుగు బస్సు ఎక్కితే అదే కండక్టరు.

"సోడాలన్నీ ఆ డాట్రుగారే తాగీసినాడేటి బాబూ?"

"అవును," అన్నాను.

సింహాచలం దిగిన చోట బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. ఆయన లేడు. రైల్లో విజయనగరం వచ్చేదాకా పెట్టె మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను. రోడ్డు బాగులేదు గాని, ఈ దారిన రక్తం తీసుకెళ్లవచ్చని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఆ ముసలాయనకు ఎప్పటికైనా సోడా ఇవ్వాలి. మామూలు గ్లాసులోనే ఇవ్వాలి. వెండి గ్లాసులు మా నాన్నగారు బరంపురం వ్యాపారికి తూకానికి అమ్మేశారు.