ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి

వెరులంలో మావ పోయాడన్న కబురు నేను ఓడ దిగకముందే అందింది. మా పెద్ద ఓడ డర్బన్ రేవులో ఆగిన పొద్దున, ఆయన కూతురు ఓడ ఏజెంటు ఆఫీసు ద్వారా ఓడకే ఫోన్ చేసింది. "డాక్టరన్నా, నాయన పోయినాడు. హార్ట్. అమ్మ నిన్ను అడుగుతాది, ప్లీజ్ కమ్," అంది. వస్తానన్నాను. రేవు నుంచి వెరులం టాక్సీలో గంట లోపు దారి. మూడేళ్ళలో ఎన్నోసార్లు ఇదే రేవులో దిగి కూడా నేను వెళ్ళని దారి.

మావ నాకు చుట్టం కాడు. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడు కాకినాడ నుంచి ఇక్కడి సర్కారు ఆస్పత్రికి డాక్టరుగా వచ్చి, ఆయన ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. మొదటి సాయంత్రమే గిన్నెలో చింతపండు వేసిన చేపల పులుసు పట్టుకొచ్చాడు. "మా తాత చెరుకు కొట్టనీకి మీ దిక్కు నించే వచ్చినాడు. నా తెలుగు నీకు తెలుస్తాదా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ పులుసు మాత్రం మా అమ్మ చేసినదే అనిపించింది.

వయసులో ఉండగా డర్బన్ ఒడ్డున వల లాగేవాడు. "వల లాగొచ్చు. ఆ పక్క తెల్లోళ్ళ ఇసకలో మాత్రం మేం కాలు పెట్టకూడదు," అని చెప్పేవాడు, కోపం లేకుండా. రోజులు మారాక, మొజాంబిక్ దీవులకు వెళ్ళే ఒక చిన్న ఓడలో ఆయనకు ఉద్యోగం వచ్చింది. ప్రయాణికులను రబ్బరు పడవల్లో ఒడ్డుకు దించి, మళ్ళీ ఎక్కించే పనికి పెద్ద ఆయనే. మనవాళ్ళలో ఆ పని ఇచ్చింది మొదట తనకేనని ఆయన రెండుసార్లు చెప్పాడు, మూడోసారి అత్త చెప్పింది. నా ఆస్పత్రి ఒప్పందం ముగిశాక, ఓడకు డాక్టరు కావాలంటే నా పేరు చెప్పిందీ ఆయనే.

ఎనభై మంది ఎక్కే ఓడ అది. రేవులు లేని చోట లంగరు వేసేది. మెట్ల దగ్గర ఒక చెక్క పలక, దానికి వరసగా మేకులు, మేకుకో పేరు రాసిన రేకు బిళ్ళ. ఒడ్డుకు దిగేవాడు తన బిళ్ళను ఎర్రవైపు తిప్పాలి, తిరిగొచ్చి తెల్లవైపు. అన్నీ తెల్లబడితేనే లంగరు తీసేది. కోటీశ్వరుడైనా సరే, మావ పక్కన నిలబడి, "యువర్ ఓన్ హ్యాండ్, సర్," అనేవాడు. నాతో అయితే, "ఎవరి బిళ్ళ ఆళ్ళే తిప్పాల. సముద్రం మొహమాటం చూడదు," అనేవాడు. బిళ్ళలతో ఊరుకోక ఎవరు టీలో పాలు వద్దంటారో, ఎవరి మోకాలు ఏ మెట్టు దగ్గర తడబడుతుందో కూడా గుర్తుపెట్టుకునేవాడు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఒక మధ్యాహ్నం ఒక దీవి నుంచి అందరం తిరిగొచ్చాం. నా బిళ్ళ తిప్పుకుంటుంటే పక్కన ఒకటి ఎర్రగా కనిపించింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఒక పెద్దావిడది. ఆవిడకున్నలాంటి నీలం టోపీ ఒకటి మెట్లెక్కి పోవడం చూశాను కాబట్టి ఆవిడే మరిచిపోయి ఉంటుందనుకున్నాను. ముందు రోజు కూడా మరిచిపోయింది మరి. పెద్దవాళ్ళకు చిన్న సాయం చేస్తున్నాననే అనుకుంటూ ఆ బిళ్ళ తెల్లవైపు తిప్పేశాను. పడవ పైకి లాగిస్తూ మావ ఒకసారి తలెత్తి నన్ను చూశాడు. నేను నాదే తిప్పుకుంటున్నాననుకున్నాడేమో.

ఆ నీలం టోపీ వేరే ఆవిడది.

లంగరు తీశాక, టీ వేళకు పాలు లేని కప్పు ఒకటి ముట్టుకోకుండా మిగిలిపోవడం మావే గమనించాడు. ఓడ వెనక్కి తిరిగింది. ఆటు పోటుగా మారి ఇసక మునిగిపోయింది. ఆవిడ బండ మీద మోకాళ్ళు ముడుచుకుని, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ బండ చుట్టూ నీళ్ళే. మావ నడుంలోతు నీళ్ళలో దిగి ఆవిడను ఎత్తుకొచ్చాడు. నేను నాడి చూసి, దుప్పటి కప్పి, చాలా మంచి డాక్టరులా నడుచుకున్నాను.

కెప్టెన్ అందరి ముందూ అడిగాడు, ఈ బిళ్ళ ఎవరు తిప్పారని. మావ నా వైపు చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. నాకు ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్ గుర్తొచ్చింది, ఇక్కడ డాక్టరుగా కొనసాగాలంటే రాయాల్సిన పరీక్ష గుర్తొచ్చింది, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మావే, పలక నాది, తప్పూ నాదే అన్నాడు. డర్బన్‌ చేరగానే ఆయనను ఉద్యోగంలోంచి పంపేశారు. వీళ్ళకు ఇలాంటి పనులు అప్పగిస్తే ఇంతే అని భోజనాల దగ్గర ఎవరో అన్నారు. నేను విని, అన్నంలో పులుసు కలుపుకున్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆ ముద్దతో తెలిసింది, అయినా మింగాను.

మావ ఇంటికొచ్చి వంటింటి తలుపు పక్కన తన సొంత పలక కొట్టుకున్నాడు. అత్తకు, కూతురికి, తనకు, నాకు తలో బిళ్ళ. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అందుకే ఆ ఇంట్లో ఉండలేకపోయాను. రెండు వేల మంది ఎక్కే పెద్ద ఓడలో పని దొరగ్గానే, ఆ పలక మీద నా బిళ్ళను ఎర్రవైపు తిప్పి వెళ్ళిపోయాను.

వెళ్ళేముందు ఆ ఓడను ఆయనకు చూపించాను. లిఫ్టులు, ఈత కొలను, పదమూడు అంతస్తులు. మెట్ల దగ్గర కార్డు పెడితే కూత పెట్టే మెషీను చూసి, "ఇది మొహం చూస్తాదా?" అని అడిగాడు. చూడదు మావా, లెక్క చూస్తుందన్నాను. "పెద్ద ఓడ మనిషిని మోస్తాది అబ్బాయ్. చిన్న ఓడ ఎరుగుతాది," అన్నాడు. నాకు అప్పుడు కావలసింది సరిగ్గా అదే, నన్నెవరూ ఎరగని ఓడ. మూడేళ్ళు హాయిగా దాక్కున్నాను.

దహనం అయ్యాక ఇంటికొచ్చాం. కూతురు నన్ను వంటింటి దగ్గరకు పిలిచింది. ఆస్పత్రికి పోతూ మావ తన బిళ్ళ తనే ఎర్రవైపు తిప్పుకున్నాడట. "అన్నా, నువ్వు షిప్‌లో నాయనతో ఉన్నావ్. నువ్వే వైట్ చెయ్యి," అంది.

ఇంకొకరి బిళ్ళ నేను తిప్పకూడదమ్మా అన్నాను. అత్త ముందు నిలబడి మొత్తం చెప్పాను. నీలం టోపీ, కెప్టెన్, నా నోరు పెగలకపోవడం, అన్నీ. ఆ ఓడ కంపెనీకి ఉత్తరం రాస్తానని కూడా అన్నాను. రాశాను, జవాబు రాలేదు. మీకూ ఇక్కడ చెబుతున్నాను.

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెలుసు. ఆ దినమే చెప్పినాడు. డాక్టరబ్బాయి వచ్చి ఆడే చెప్తాడు, నువ్వు అడగొద్దే అన్నాడు. ఏటేటా నీ బిళ్ళకి రంగేసినాడు, ఉప్పుగాలికి వెలిసిపోతాదని." పలక చూపించి, "చెప్పినావు కదా. నీది తిప్పుకో," అంది.

చెయ్యి ఎత్తాను. రంగు కొత్తగా మెరుస్తోంది. ఎదురు చూసిన మనిషి లేని ఇంటికి, వచ్చానని ఎవరికి చెప్పను? చెయ్యి దించేశాను.

నేను గేటు దాటి వెనక్కి చూసేసరికి, తెరిచిన తలుపులోంచి పలక కనిపిస్తోంది. అత్తది, కూతురిది తెల్లగా ఉన్నాయి. వాటి పక్కన మావదీ నాదీ, ఎర్రగా, గాలికి మెల్లగా మేకులకు కొట్టుకుంటున్నాయి.