హైఫాంగ్ ఆదివారాలు

పెళ్లయిన నాటి నుంచి వీరేంద్ర ఇంట్లో మాట్లాడిన మాటల్లో ఎక్కువ భాగం వస్తువుల పేర్లే. ఉప్పు, తువ్వాలు, స్కూటరు తాళం. అతను కోపిష్ఠి కాడు, తాగుడు లేదు, జీతం తెచ్చి భార్య చేతిలో పెట్టేవాడు. హిందీ మాట్లాడే మోవా పేటలో వాళ్లుండే వీధి తెలుగువాళ్లందరి నోటా అతనికి మంచివాడన్న పేరు. ఆ మంచితనాన్ని ఎక్కడ తట్టి పలకరించాలో ఫణిశ్రీకి మాత్రం తెలియలేదు. గోడకు ఇవతల అడిగితే అవతల నుంచి జవాబు వచ్చే రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి ఆమె. భర్త నిశ్శబ్దాన్ని చెదరగొట్టడం మర్యాద కాదనుకొని, క్రమంగా తానూ మాటలు తగ్గించుకుంది.

2019 జనవరిలో అతని కంపెనీ ఒక రోలింగ్ మిల్లు బిగించడానికి అతన్ని వియత్నాంలోని హైఫాంగ్ అనే రేవు పట్టణానికి పంపింది. నాలుగు నెలల పని. అతని తల్లి శేషమ్మ కంది పొడి, మాగాయ, ఎండురొయ్యల పొడి డబ్బాల్లో కూరి, మూతలకు గుడ్డ బిగించి మరీ సర్దింది. ఆ డబ్బాల పుణ్యమా అని మొదటి ఆదివారాలు వృథా అయ్యాయి. వీరేంద్ర గదిలోనే అన్నం వండుకొని, పొడి కలుపుకొని తిని, పడుకునేవాడు.

“ఏం చూశారండీ?” అని ఒక ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో ఫణిశ్రీ అడిగింది.

“చూడ్డానికేటుంది? రోడ్డు.”

“అయితే రోడ్డే చూపించండి.”

అతను కిందికి దిగి ఫోను తిప్పాడు. చినుకు అనడానికి వీల్లేని సన్నటి తడి గాలిలో నిలిచి ఉంది. ఒక సైకిలు తన మీద ఉన్న పూలకట్టల వెనక పూర్తిగా దాగిపోయి వెళ్తోంది. శంఖంలాంటి తాటాకు టోపీ పెట్టుకున్న ఒకావిడ కావడి దించి మూత తీసింది.

“ఆ బుట్టలో ఆవిరొస్తోంది, ఏటది?”

“తెలీదు.”

“అడగండి.”

“నాకు వాళ్ల భాషొస్తాదేటి?”

“కొంటే తెలుస్తాది కదా!”

కొన్నాడు. అది ఆకులో పెట్టిన బంక అన్నం. పైన పెసరపప్పు ముద్ద, వేయించిన ఉల్లి. అదంతా ఫోనులో కనిపిస్తూనే ఉంది. “వాసన ఎలాగుంది?” అని ఆమె అడిగినప్పుడు మాత్రం అతను ఆకును ముక్కు దగ్గరికి ఎత్తుకొని పీల్చాడు. “కొత్త బియ్యం గంజి వారుస్తుంటే ఇల్లంతా ఒక వాసనొస్తాది చూడు, అదీ. దాని వెనకాల ఉల్లి,” అన్నాడు. అతని నోట అంత పొడవైన మాట ఆమె వినడం అదే మొదలు.

ఫోను రంగును మోస్తుంది, చప్పుడును మోస్తుంది. వాసన, రుచి, చేతికి తగిలే వేడి దానికి పట్టవు. ఆ లోటులోంచే భర్త మాటలు పుడతాయని ఫణిశ్రీ కనిపెట్టింది. తన దగ్గరకొచ్చే ట్యూషను పిల్లలు వెళ్లిపోయాక కూర్చొని ఆ ఊరి గురించి చదివేది. వచ్చే ఆదివారం చూడవలసిన చోటు ఒకటి, తినవలసిన పదార్థం ఒకటి నిర్ణయించేది. అతను సణుగుతూనే వెళ్లేవాడు. చెరువు గట్టు మీద చదరంగం ఆడే ముసలివాళ్ల పక్కన నిలబడ్డాడు. వేలెడంత సన్నని కారం రొట్టె కొరికి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. కొబ్బరిపాలు పోసిన కాఫీ తాగి, “పాయసంలో ఎవరో బొగ్గు చల్లార్చినట్టుంది, కానీ బావుంది,” అన్నాడు.

పీతల నూడుల్స్ తిన్న రోజున ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ చేరారు.

“నాన్నా, కెమెరా పైకెత్తు! నీ ముక్కే కనిపిస్తోంది,” అని కూతురు లహరి అరిచింది.

“పొలం పీతల్ని పెంకుతో సహా దంచి, నీళ్లలో పిసికి, వడగట్టి కాస్తారట. కాగితే ఆ మాంసం విరిగిన పాలలాగ పైకి తేలుతాది. మా సైటులో ఇంగ్లీషొచ్చినోడు చెప్పాడు.”

“పెంకులు తింతన్నావేట్రా?” శేషమ్మ ముందుకు వంగింది. “నేనంపిన రొయ్యల పొడి ఏటైనాది?”

“ఉందమ్మా.”

“ఉండకేం! నీ పెళ్లాం తిననిస్తేనా? ఇక్కడ కూకుని అక్కడ నీ చేత గడ్డీ గాదరా మేపుతంది.”

వీరేంద్ర పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఇంట్లో విన్న జ్ఞాపకం ఫణిశ్రీకి లేదు.

సాయంత్రం గేటు చప్పుడైతే లేచి నిలబడే అలవాటు ఆమెకు ఇంకా పోలేదు. వరండాలో గుడ్డ కప్పిన స్కూటరును దాటుతూ సీటు మీద చెయ్యి వేసేది. అయితే తాను ఎవరి కోసం ఎదురుచూస్తున్నదో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఈ ఇంట్లోంచి వెళ్లినవాడి కోసం కాదు. ఆ ఊరి వీధుల్లో, ఆమె ప్రశ్నలకు మాటలు వెతుక్కుంటూ తిరిగేవాడి కోసం.

ఏప్రిల్ చివరి శనివారం సాయంత్రం అతనే ఫోను చేశాడు.

“కంపెనీ మాలిక్ కబురు పెట్టాడు. మిల్లులో రెండో లైను బిగింపు కూడా మనకే ఇచ్చారట, దసరా దాకా పని. ఉంటానంటే నన్నే ఉంచుతారు. లేదంటే మా వర్క్‌షాపులో రవి లేడా, అతన్ని పంపుతారు. నువ్వేటంటావు?”

“రేపు చెప్తానండీ.”

“చెప్పడానికేటుంది, రమ్మనక!” అంది పక్కనుంచి శేషమ్మ.

ఫణిశ్రీకి మునుపటి ఝార్సుగూడ పని గుర్తొచ్చింది. అక్కడ నెల రోజులు పనిచేసి వచ్చిన నాడు అతను సంచి మంచం మీద పెట్టి, “నీళ్లు కాగాయా?” అన్నాడు. ఆ నెలంతటికీ ఆమెకు దక్కిన మాట అదొక్కటే. ఇప్పుడు రమ్మంటే వచ్చేది ఎవరు? ఉండమంటే ఆదివారాలు మిగులుతాయి. పని అలాంటిదని చెబితే వీధిలో ఎవరూ తప్పుపట్టరు. ఉండమనడానికే ఆమె మనసు ఎక్కువ మొగ్గింది. మొగ్గినందుకు ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున అతను రేవులో నిలబడి ఫోను చేశాడు. సముద్రంలో కాట్‌బా అనే దీవి ఉంది, పడవలో వెళ్లాలి. దాన్ని ఆమె చివరికని అట్టేపెట్టింది.

“మీకు రావాలనుందా?” అని అడిగింది.

“ఉంది.”

“వస్తే ఇలాగ మాట్లాడతారా?”

వెనక పడవ కూత పెట్టింది. అతను ఫోను నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

“ఇక్కడైతే నువ్వు అడుగుతావు. ఇంట్లో ఎప్పుడూ ఏటీ అడగవు కదా, ఫణీ. నీకు అక్కర్లేదేమో అనుకున్నాను.”

ఇద్దరూ ఒకరి మౌనాన్ని ఒకరు గౌరవించుకుంటూ ఇంత కాపురం గడిపారు.

“వచ్చేయండి,” అంది. “రవిని పంపమని చెప్పండి. ఈ రోజు నాకేమీ చూపించొద్దు. ఫోను జేబులో పెట్టేసి, వెళ్లి చూసి రండి. ఇంటికొచ్చాక చెబుదురుగాని.”

“అన్నీ గుర్తుంటాయేటి?”

“గుర్తున్నవే చెప్పండి. నేను అడుగుతాను.”

“అచ్ఛా,” అన్నాడు. “గట్టిగా అడుగు,” అని ఫోను పెట్టేశాడు.

శేషమ్మ చాట పట్టుకొని వంటింట్లోంచి వచ్చింది. “ఏటే, ఇయ్యాల సినిమా లేదా?”

“లేదత్తయ్యా.”

“మరి ఆడేటి చేస్తన్నాడు?”

“తెలీదు,” అంది ఫణిశ్రీ.

బయట రోడ్డు మీద ఎండ ముదురుతోంది. ఈపాటికి పడవ రేవు వదిలి ఉంటుంది. సముద్రం ఏ రంగులో ఉందో, గాలి ఉప్పగా తగులుతోందో లేదో, అతను కూర్చున్నాడో, కమ్మీ పట్టుకొని నిలబడ్డాడో ఆమెకు తెలిసే దారి లేదు. గుమ్మంలో కూర్చొని, అతను వచ్చిన రోజున మొదట ఏమడగాలా అని ఆలోచించసాగింది. ఒకటి తోస్తే దాన్ని తోసుకొని ఇంకొకటి వస్తోంది.