ఆకలైతాందన్న చిలక

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరులో మనిషి ఎదురైతే ముందు అడిగే మాట తిన్నావా అనే. బాగున్నావా అన్నది ఆ తర్వాత. డెబ్బయ్యవ దశకం చివర్లో సంగతి ఇది. అందరూ చిలకలకు దేవుడి పేరు నేర్పితే, మా అవ్వ (నాయన తల్లి) తన చిలకకు "ఆకలైతాందమ్మా" అని నేర్పింది. "దేవుని పేరు సెప్తే దానికేమొస్తాదప్పా? ఇదైతే యాడున్నా బతుకుతాది" అనేది. ఆలోచన మంచిదే. కానీ ఆ మాట విని ఊరుకునే గుండె మా వీధిలో ఎవరికీ లేదు.

పంజరం వసారాలో వేలాడేది. పొద్దున ఉగ్గాని (మరమరాల ఉప్మా) తినే మా నాయన బొరుగులూ బజ్జీముక్కా పెట్టేవాడు. మగ్గం దిగి వచ్చిన మామ జేబులోంచి వేయించిన బుడ్డలు (వేరుశనగ గింజలకు మా మాట) తీసేవాడు. పక్కింటి ఖాలా (ఉర్దూలో పిన్ని) టీలో ముంచిన బిస్కెట్టు తెచ్చేది. "అదిప్పుడే తినింది ఖాలా" అంటే, "తెలుసు బేటా. నోరు తెరిసి అడిగినాంక పెట్టకుండా ఎట్ల పోయేది?" అనేది. నేను మాత్రం తక్కువా? కాలేజీకి పోతూ నా బజ్జీలో సగం దానికిచ్చి, పుణ్యం మూటగట్టుకున్నట్టు సైకిలెక్కేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి అది గుండ్రంగా తయారై, కొయ్య మీద నిలవలేక పంజరం అడుగున కూలబడి, ఆయాసపడుతూ అక్కడి నుంచే ఆకలైతాందమ్మా అనేది. ఈకలు కూడా రాలుతుంటే అవ్వకు భయం పట్టుకుంది.

పంజరం ఒళ్లో పెట్టుకుని అవ్వా నేనూ ఆదోని బస్సెక్కాం, పశువుల డాక్టరు దగ్గరికి. బస్సు ఊరు దాటకముందే చిలక తన మాట అననే అన్నది. ముందు సీటాయన సంచిలోంచి బుడ్డలు తీశాడు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి మురుకు విరిచి పెట్టాడు. తీరా ఆసుపత్రి చేరాక, "ఏం పెట్టినారవ్వా దీనికి?" అని డాక్టరు అడిగితే అవ్వ చెబుతూనే పోయింది. ఆయన ముఖం మాడిపోయింది. "నూనె, ఉప్పు, టీ, బుడ్డలు అన్నీ బంద్ సెయ్యండి. జామకాయ, ఆకుకూర, పచ్చిమిరపకాయ, నానబెట్టిన పెసలు, జొన్నలు. అంతే. లేదంటే సచ్చిపోతాది" అన్నాడు. సరిగ్గా అప్పుడే చిలక నోరు తెరిచి అడిగింది. డాక్టరు చెయ్యి బల్ల మీది బిస్కెట్ల పొట్లం దాకా పోయి ఆగింది (నేను చూశాను).

ఇంటికొచ్చాక మా భయమల్లా అది అడిగితే కరిగిపోతామనే. అందుకని అది కునుకు తీస్తున్నప్పుడు గిన్నెలో జామముక్కలు వేసి, అడిగినప్పుడు అందరం ముఖం తిప్పుకుని లోపలికి పోయేవాళ్లం. ఖాలా చెవుల మీదుగా కొంగు బిగించి మా గడప దాటేది. అవ్వ దొడ్లో కూర్చుని ఏడ్చేది. చిలక బతికింది. సన్నబడి, కొత్త ఈకలతో మళ్లీ కొయ్యెక్కింది. ఆ మాట మాత్రం మానేసింది. "పానం నిలిచె గానీ నోరు పడిపాయ గదప్పా" అని అవ్వ కుమిలిపోయింది. డాక్టరు తిండి మార్చమన్నాడు గానీ దాని మాటకు పలకొద్దనలేదు. అడిగినప్పుడే ఆ జామముక్క అందించి ఉంటే సరిపోయేది. ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ ఆ తెలివి రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అవ్వ తాను పోయేదాకా పంజరం ముందు నిలబడి, "ఆకలైతాందా?" అని అడుగుతూనే ఉంది.

ఇప్పుడు నాకు షుగరు. నా పళ్లెంలో జామముక్కలు, నానబెట్టిన పెసలు (పచ్చిమిరపకాయ ఒక్కటే తక్కువ). ఎక్కడ బజ్జీల మాటెత్తుతానో అని మా ఆవిడ నేను నోరు తెరవకముందే తెచ్చి పెట్టేస్తుంది. మొన్న పొద్దున ఆమె పళ్లెం కింద పెట్టబోతుంటే, "ఉండు, నన్ను అడగనీ" అన్నాను. ఆమె అలాగే పట్టుకుని నిలబడింది. "ఆకలైతాందమ్మా" అన్నాను. నవ్వి, ఒక జామముక్క తీసి నా చేతిలో పెట్టింది.