గుడిలో అన్నయ్య పేరు

మా అన్నయ్య రంగూన్ రేవులో బస్తాలు దించేవాడు. మేం ఏటికి ఇవతల దలా అనే ఊళ్లో ఉండేవాళ్లం. అన్నయ్య రోజూ పడవెక్కి అవతలికి వెళ్లి, చీకటి పడేలోగా తిరిగి వచ్చేవాడు. నాన్న పోయాక అమ్మనీ నన్నూ సాకింది తనే. ఏళ్ల తరబడి బస్తాలు మోసి నడుము పోయింది. తోటి కూలీ ఒకడు తెల్లపొడి, అదే హెరాయిన్, అలవాటు చేశాడు. మొదట నొప్పి కోసమన్నాడు. తర్వాత అది లేకపోతే గ్లాసు పట్టుకోవడానికి కూడా చేతులు నిలిచేవి కావు.

పొడి వాడేవాళ్లు ఆసుపత్రిలో పేరు రాయించుకోవాలనీ, రాయించుకోకుండా పట్టుబడితే జైలేననీ అక్కడి చట్టం. పేరు రాయిస్తే పోలీసులకి తెలిసిపోతుందని అన్నయ్య భయం. అమ్మ ఏడ్చి, అన్నం మానేసి, చివరికి ఒప్పించింది. ముగ్గురం వెళ్లేసరికి ఆసుపత్రి గేటు మూసి ఉంది. సైనిక పాలన పోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చిన రోజులవి. డాక్టర్లు, నర్సులు తెల్లకోట్లతోనే ఊరేగింపులో నడుస్తున్నారు. అన్నయ్య వాళ్లని చూసి చప్పట్లు కొట్టాడు.

"మల్లీ వద్దాం లేమ్మా," అన్నాడు.

ఊరేగింపుల మీద సైన్యం కాల్పులు జరిపాక ఆసుపత్రి తెరిచారు. కానీ గేటు దగ్గర తుపాకులతో సైనికులు. అన్నయ్య వాళ్లని దాటి లోపలికి వెళ్లలేకపోయాడు. ఆ తర్వాత పోలీసులు రేవు పక్కన టీకొట్టులో సోదా చేసి అన్నయ్యని పట్టుకుపోయారు. కోర్టులో అమ్మ తెలుగూ బర్మా కలిపి మొత్తుకుంది.

"ఎల్లినాం బాబూ. గేటు మూసేసి ఉంది. నా కూతురు కూడా సూసింది. అడగండి."

నన్నెవరూ అడగలేదు. అన్నయ్యకి శిక్ష వేశారు.

యూనివర్సిటీ మూసేయడంతో నేను ఇంట్లోనే ఉండేదాన్ని. బయటి దేశాల నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. నలుగురం కలుసుకోవడానికి మాకు మిగిలింది అమ్మవారి గుడి ఒక్కటే. ఉద్యమంలో పట్టుకుపోయిన పిల్లల కోసం శుక్రవారాలు అక్కడ చడీచప్పుడు లేకుండా అర్చన జరిగేది. ఆడవాళ్లు ఎండు రొయ్యలు వేయించి, నిలవ ఉండేవి ఏవో వండి, జైలుకి పట్టుకెళ్లడానికి పొట్లాలు కట్టేవారు. అమ్మ కూడా వెళ్లింది.

"మావోడి పేరు కూడా సెప్పించండి బాబూ," అని గుడి ప్రెసిడెంటుని అడిగింది.

ఆయన చెడ్డమనిషి కాదు. నాన్న పోయినప్పుడు పాడె మోసినవాడే. తల దించుకుని అన్నాడు: "ఆళ్లు దేసం కోసం ఎల్లినారమ్మా. మీ వోడు పొడి కోసం ఎల్లినాడు. రెండూ ఒకటేటి? ఈ గుడి మీద మిలట్రీవోళ్ల కన్ను పడితే మనకేటి మిగుల్తాది?"

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు మా పక్కింటి పెద్దమ్మ లేచింది. ఆవిడ కొడుకు కాలేజీ కుర్రాడు, ఊరేగింపులో జెండా పట్టుకున్నందుకు అదే జైల్లో ఉన్నాడు.

"ఆడి పేరు సెప్పకపోతే నా కొడుకు పేరు కూడా సెప్పొద్దు," అంది. "జైలు గేటు కాడ మేమిద్దరం ఒకే ఎండలో నిలబడతన్నాం. అక్కడ నేని తేడా ఇక్కడేటి?"

ప్రెసిడెంటు పంతులుగారి వైపు చూశాడు. ముసలి పంతులుగారు ఆయన కోసం ఆగలేదు. అమ్మని పిలిచి, "గోత్రం చెప్పమ్మా," అన్నారు. అమ్మ చెప్పబోయింది. చెప్పలేక నన్ను ముందుకు తోసింది. నేను చెప్పాను.

ఆ వారం పొట్లంలో కుంకుమ కూడా పెట్టాం. జైల్లో అన్నయ్య తీగల అవతల నిలబడ్డాడు. చొక్కా తన భుజాలది కానట్టు వేలాడుతోంది. మందూ లేదు, డాక్టరూ లేడు. పొడి దొరక్క పడిన యాతన అంతా నేల మీద పడుకునే పడ్డానని చెప్పాడు. అమ్మ గుడి సంగతి చెప్పింది.

"నా పేరు సెప్పినారా?" అన్నాడు. నమ్మలేక మళ్లీ అడిగాడు. "అందరికీ ఇనపడేటట్టు సెప్పినారా?"

ఆ ముఖం మీద నేను చూసిన ఆఖరి సంతోషం అదే.

క్రమంగా పొడి కేసుల్లో జైలుకి పోయినవాళ్ల తల్లులు ఇంకొందరు గుడికి రావడం మొదలుపెట్టారు. కొందరు మనవాళ్లు, కొందరు బర్మావాళ్లు. ప్రెసిడెంటు ఒకనాడు తనే బియ్యం మూట తెచ్చి పొయ్యి పక్కన దించి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

వర్షాలు తగ్గాక ఒక ఉదయం జైలు కిటికీ దగ్గర మా పొట్లం తీసుకోలేదు. "లేడు," అన్నాడు గార్డు. ఎక్కడికి పంపారంటే సరిహద్దు కొండల్లో సైన్యం సామాన్లు మొయ్యడానికని చెప్పాడు. అమ్మ నా వైపు తిరిగి, "నడుం నొప్పి కదే ఆడికి," అంది. గార్డుకి చెప్పమని నా చెయ్యి పట్టుకుని ఊపింది. నేను బర్మా భాషలో చెప్పాను. అతను వెనకవాళ్ల పొట్లం అందుకున్నాడు.

ఆ తర్వాత ఏ కబురూ రాలేదు.

పెద్దమ్మ కొడుకు మాత్రం విడుదలయ్యాడు. ఆవిడ ఆ సంతోషాన్ని మాకు చూపించలేక తలుపు వేసుకుని కూర్చుంది. అమ్మే రొయ్యల కూర వండి పట్టుకెళ్లి తలుపు తట్టింది. "తియ్యప్పా, పిల్లడికి పెట్టనీ," అంది.

కుర్రాడు తింటుంటే ఎదురుగా కూర్చుని, "మావోడు నీకు కనపడినాడేటి?" అని అడిగింది.

అతని చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. "పొడి కేసులోళ్లని యేరేగా పెట్టేవోళ్లు పిన్నీ. ఒక పొద్దున కొందరిని వరసగా నడిపించుకుపోడం సూసినాను. సంకెళ్లతో ఉన్నారు. ఈపులే కనబడ్డాయి. ఆళ్లలో ఎవరున్నారో నాకు తెల్దు."

"పోన్లే నాయనా, తిను," అని అమ్మ ఇంకాస్త కూర వేసింది.

అన్నయ్యకి కర్మ చేయిద్దామని పంతులుగారు అడిగినప్పుడల్లా అమ్మ ఒప్పుకోలేదు. కళ్లతో చూడకుండా పోయాడని ఎలా ఒప్పుకుంటానంది. ఇప్పుడు అమ్మ కూడా లేదు. అమ్మ తద్దినం రోజున పంతులుగారి మనవడు మా వంశంలో పోయినవాళ్ల పేర్లు అడుగుతాడు. నాన్న పేరు చెబుతాను, అమ్మ పేరు చెబుతాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక ఆగిపోతాను.